పాలొస్తాయా అని అడిగింది

"కొత్త రొమ్ములో పాలొస్తాయా?"

నన్ను ఈ ప్రశ్న అడిగింది భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఒక గూడెంలో. అంగన్‌వాడీ గదిలో పదిహేను మంది దాకా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గరికి వేసి ఉంది. నేను జాకెట్టు హుక్కులు తీసి, ఒకసారి కోసేసి మళ్లీ కట్టిన నా ఎడమ రొమ్మును వాళ్లకు చూపిస్తున్నాను. అందరూ దగ్గరికి జరిగారు. ఒకామె వేలితో తాకి చూసింది. ఇంకొకామె చంకలో పిల్లాణ్ని సర్దుకుంటూ చాలా మామూలుగా అడిగింది, పాలొస్తాయా అని.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆమె కూతురు నేను పాఠం చెప్పే హైస్కూల్లోనే చదువుతోంది. ముప్పై దాటిన వాళ్లకు నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయించాలని జాతీయ కార్యక్రమం ఉంది కదా, ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం ఆమె పని. "రొమ్ములో గడ్డ ఉందేమో చూసుకోండమ్మా అంటే నవ్వుతున్నరు మేడం. గడ్డ ఉంటే కోస్తరు, కోస్తే చస్తం, ఇంక చూసుకునేదెందుకు అంటున్నరు. మీరు బతికే ఉన్నరు గదా, ఒక్కసారి రండి" అంది. నేను బతికి ఉండటమే ఆమెకు కావలసిన పాఠం. కాదనలేకపోయాను.

"దీంట్లో రావు" అన్నాను. అది నా వీపు మీది కండరమనీ, దాని కింద చిన్న సిలికాన్ సంచి ఉందనీ, అందులో పాలగ్రంథులేవీ లేవనీ చెప్పాను.

"మరి రెండోదాంట్లో?"

"వస్తాయి."

"ఐతే సరిపోద్ది. మా వదినెకు ఒకదాంట్లోనే వచ్చేవి. ముగ్గుర్ని పెంచింది" అని, నా మొహం వైపు చూసి, "ఐతే కంటున్నవా?" అంది.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. హుక్కులు పెట్టుకుంటూ నవ్వి ఊరుకున్నాను. మూడేళ్లుగా డాక్టర్లు, బంధువులు, తోటి టీచర్లు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. మాత్రలు వేసుకుంటున్నావా, జుట్టు వచ్చిందా, ఎంత ఖర్చయింది, మీవాళ్లలో ఎవరికైనా ఉందా. నా శరీరం ఇక ముందు ఏమి చేయగలదు అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది. ఆమెకు చెప్పలేకపోయిన జవాబు కోసమే ఇది రాస్తున్నాను.

2022 ఫిబ్రవరిలో స్నానం చేస్తుంటే నాకు గడ్డ తగిలింది. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నాం. భద్రాచలం నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. మార్చి నుంచి ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. గడ్డ పెద్దది కాబట్టి ముందు కీమో, తర్వాత రొమ్ము తీసేయడం, తర్వాత రేడియేషన్, ఆ తర్వాత అయిదు నుంచి పదేళ్లు టామాక్సిఫెన్ మాత్ర. నాది హార్మోన్లతో పెరిగే రకం. ఆ మాత్ర ఈస్ట్రోజెన్‌ను రొమ్ము కణాలకు అంటకుండా అడ్డుకుంటుంది.

ఆ లెక్కలో ఎక్కడా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కీమో మందులు అండాశయాల్ని దెబ్బతీస్తాయి. మొదలుపెట్టేముందు ఒక పది, పన్నెండు రోజులు ఆగగలిగితే అండాలను తీసి గడ్డకట్టించి దాచుకోవచ్చు. హార్మోన్ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లకు కూడా, ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ అనే మందు కలిపి ఇచ్చి ఆ పని చేస్తారు. ఇదంతా నాకు కీమో అయిపోయిన ఏడాదికి తెలిసింది. నా ఫైలు మొదటి పేజీలో "వివాహిత, పిల్లలు లేరు" అని రాసి ఉంది. ఆ వాక్యం మీదుగా ఎన్ని జతల కళ్లు వెళ్లాయో! ఎవరూ అక్కడ ఆగలేదు. ప్రాణం కాపాడే తొందర అన్నారు తర్వాత అడిగితే. తొందర నిజమే. కానీ ఆ తొందరలోనే ఆపరేషన్ కాగితం మీద నా భర్త సంతకం ఉందా లేదా అని మాత్రం రెండుసార్లు చూశారు.

ఆ జూలైలో గోదావరి వచ్చింది. మా ఊళ్లో నీటిమట్టం అడుగుల్లో చెప్పుకుంటాం. 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నా సహచరుడి ఉద్యోగం అవతలి ఒడ్డున సారపాకలో. అతను అటు, నేను ఇటు. నా ఆరో కీమోకి సరిగ్గా అదే వారం తేదీ. గుండు మీద చున్నీ కప్పుకుని మేడ మీద నిలబడి నీళ్లను చూస్తూ, క్యాన్సర్ నాలుగు రోజులు ఆగుతుందా అని ఆలోచించిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్లాను. ఏమీ కాలేదు.

కీమోతో ఆగిన నెలసరి ఎనిమిది నెలల తర్వాత తిరిగి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ ఎర్రటి మరక చూసి ఏడ్చాను, సంతోషంతో. ఆ ఏడుపుతోనే నాకు ఒక విషయం అర్థమైంది. నాకు బిడ్డ కావాలని ఉంది.

ఈ మాట ఈ పత్రిక చదివేవాళ్ల ముందు చెప్పడం నాకు అంత తేలిక కాదు. బి.ఎడ్. చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నీలిమేఘాలు చేతులు మారుతూ తిరిగేది. 1993లో వచ్చిన ఆ సంకలనంతో మా తరం వాళ్లం ప్రసూతి గది గురించీ, అబార్షన్ గురించీ సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్చుకున్నాం. తల్లి కావడమే స్త్రీ జన్మకు సార్థకం అనే మాట ఎంతమందిని నలిపేసిందో నేనే క్లాసుల్లో, సభల్లో చెప్పాను. అలాంటి నేను, ఒక రొమ్ము పోయి, సగం జుట్టుతో, "బిడ్డ కావాలి" అనుకుంటున్నాను. ఇది నా కోరికేనా, లేక జబ్బుతో "లోపం" వచ్చిన ఆడది పూర్తి ఆడదని రుజువు చేసుకునే ఆరాటమా? రొమ్ము కట్టించుకోవడం విషయంలో కూడా ఇదే ప్రశ్న నన్ను తిన్నది.

ఆడ్రీ లార్డ్ రాసిన ది క్యాన్సర్ జర్నల్స్ ఆసుపత్రిలో చదివాను. 1978లో ఆమెకు రొమ్ము తీసేశారు. పుస్తకం 1980లో వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆమె కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, అలా రావడం ఆ ఆఫీసు మనోధైర్యానికి మంచిది కాదని నర్సు మందలించింది. లార్డ్‌కు కోపమొచ్చింది. ఒంటి రొమ్ము ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టలేకుండా చేయడానికే ఈ దాచిపెట్టడం అని వాదించింది. ఆ వాదన ముందు నేను ఎన్ని రాత్రులు దోషిలా కూర్చున్నానో. చివరికి నాకు నేను చెప్పుకున్నది ఇది: లార్డ్ కాదన్నది బలవంతాన్ని. మరొకరి కంటికి నదురుగా ఉండడం కోసం పెట్టుకోమనే బలవంతాన్ని. నేను బోర్డు మీద రాస్తూ చెయ్యి ఎత్తినప్పుడు ఒక పక్కకు లాగే బరువు తేడా నన్ను నాకే పరాయిని చేస్తోంది. అది నాకు పోవాలి. అంతే. లార్డ్‌కు అప్పటికే ఇద్దరు పిల్లలు. నా ప్రశ్నలో మిగతా సగానికి ఆ పుస్తకంలో జవాబు దొరకలేదు.

2024 మొదట్లో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన రెండు పద్ధతులు చెప్పారు. ఒకటి, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు, కండరంతో సహా పైకి తెచ్చి రొమ్ముగా కుట్టడం. "పొట్ట కూడా తగ్గుతుంది, రెండు లాభాలు" అన్నారు నా సహచరుడి వైపు తిరిగి, నవ్వుతూ. రెండోది, వీపు మీది వెడల్పాటి కండరాన్ని చంక కిందుగా ముందుకు తిప్పి, దాని కింద సిలికాన్ సంచి పెట్టడం.

"పొట్ట కండరం తీసేస్తే రేపు గర్భం వస్తే?" అని అడిగాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. "మీరు పిల్లల్ని కనాలనుకుంటున్నారా?" అన్నారు. రెండేళ్లలో ఒక డాక్టరు నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. అదీ నేను అడిగితే వచ్చింది. తర్వాత ఆయన ఓపిగ్గానే చెప్పారు. పొట్టతో రొమ్ము కట్టించుకున్నాక కూడా బిడ్డల్ని కన్నవాళ్లున్నారు, చాలామందికి ఇబ్బంది లేకుండానే జరిగింది. కాకపోతే పొట్ట గోడ కొంత బలహీనపడుతుంది, కొందరికి లోపల వల వేసి కుట్టాల్సి వస్తుంది, కనీసం ఏడాదైనా ఆగమంటారు. వీపుతో చేస్తే పొట్ట జోలికి పోనక్కర్లేదు. నేను వీపు ఎంచుకున్నాను. ఇంకా పుట్టని, పుడుతుందో లేదో తెలియని బిడ్డ కోసం నా శరీరంలో ఒక చోటు వదిలిపెట్టమన్నాను. అప్పటికి అది నిర్ణయం కాదు. తలుపు గడియ పెట్టకుండా ఉంచడం.

ఈ కొత్త రొమ్ముకు స్పర్శ చాలా తక్కువ. చలి తెలీదు. ఇంకో వింత ఏమిటంటే, ఆ కండరం తన పాత పనిని మరిచిపోలేదు. బావిలోంచి చేద లాగితే వీపు బదులు రొమ్ము ఉలిక్కిపడుతుంది. మొదట్లో భయపడ్డాను. ఇప్పుడు నవ్వొస్తుంది. గూడెంలో ఆడవాళ్లకు ఇది చూపిస్తే పడీపడీ నవ్వారు. కానీ ఆ నవ్వుల మధ్య ఇంకో నిజం కూడా ఉంది. వాళ్లలో ఒకరికి ఈ జబ్బు వస్తే ఆరోగ్యశ్రీ కింద గడ్డ తీయించుకోవచ్చు, కీమో, రేడియేషన్ చేయించుకోవచ్చు. 2007లో మొదలైన ఆ పథకం లేకపోతే ఈ అడవి అంచుల్లో చాలామందికి అదీ ఉండేది కాదు. ఆ తర్వాత రొమ్ము కట్టించుకోవడం, అండాలు దాచుకోవడం? అవి అడగొచ్చని కూడా వాళ్లకు తెలియదు. అమెరికాలో 1998లో ఒక చట్టం వచ్చింది. రొమ్ము తీసివేతకు డబ్బిచ్చే బీమా, మళ్లీ కట్టడానికీ ఇవ్వాల్సిందే అని. మన దగ్గర నా బిల్లు మీద ఒక బల్ల దగ్గర "సౌందర్య చికిత్స" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. ఆ రాసినాయనకు పళ్లు కట్టించుకోవడం సౌందర్యమో అవసరమో అడగాలనిపించింది.

ఇక ఇంట్లో వాళ్లు. ఖమ్మంలో ఉండే మా అత్తమ్మ మొదటి ఏడాది "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంది. రెండో ఏడాది వెంట్రుకలు పెరిగేసరికి "ఒక్క నలుసన్నా ఉంటే" అని మొదలుపెట్టింది. మా అమ్మది పూర్తిగా ఎదురు మాట. "కడుపు పండితే మళ్లీ జబ్బు తిరగబెడుతుందంట. నాకు నువ్వే బిడ్డవి. నీ బిడ్డ నాకు అక్కర్లేదు" అంది. ఆ మాట అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి ప్రేమలోనూ నేను ఒక పాత్రను మాత్రమే. ఒకరికి వంశం నిలిపే పాత్ర, ఒకరికి పగలకుండా దాచుకోవాల్సిన పాత్ర.

నా సహచరుడు "నీ ఇష్టం" అన్నాడు. ఎంత సంస్కారవంతమైన మాట! మొదట పొంగిపోయాను. నెలలు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. కంటే నా ఇష్టం, జబ్బు తిరగబెడితే నా ఇష్టం, కనకపోతే అతనికి బిడ్డ లేకపోవడమూ నా ఇష్టమే. ఎంచుకునే హక్కు కోసం ఇన్నాళ్లూ పోరాడాం. ఆ హక్కును చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవడం కూడా ఒక పద్ధతిలో వదిలేయడమేనని అప్పుడు తెలిసింది. ఒక రాత్రి అడిగాను. "నా ఇష్టం సరే. నీ ఇష్టం ఏమిటి? నీ భయం ఏమిటి?" చాలాసేపటికి అన్నాడు. "బిడ్డ కావాలనే ఉంది. నువ్వు పోయి బిడ్డ మిగిలితే పెంచడం చేతకాదేమోనని భయం. అలా ఆలోచిస్తున్నందుకు సిగ్గు." ఆ రాత్రి నుంచి ఈ నిర్ణయం ఇద్దరిదీ అయింది.

మా అమ్మ భయం ఉత్త మూఢనమ్మకం కాదు. చాలా ఏళ్లు డాక్టర్లే అలా చెప్పారు. గర్భంలో పెరిగే హార్మోన్లు ఈ క్యాన్సర్‌ను మళ్లీ లేపుతాయని, కనొద్దని. నిజంగా పరీక్షించి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దాని పేరు పాజిటివ్. 42 ఏళ్లలోపు స్త్రీలు 518 మంది, అందరికీ నాలాంటి హార్మోన్ రకమే. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వాడాక ఆపి, మందు ఒంట్లోంచి పోవడానికి మూడు నెలలు ఆగి, గర్భం కోసం ప్రయత్నించారు. రెండేళ్లలోపు మళ్లీ మాత్రలకు రావాలని నియమం. 497 మందిని గమనిస్తే 368 మంది గర్భం దాల్చారు, 317 మంది బిడ్డల్ని కన్నారు. మూడేళ్లలో క్యాన్సర్ తిరిగి వచ్చింది వీళ్లలో 8.9 శాతం మందికి. మాత్రలు ఆపని అలాంటి స్త్రీలలో 9.2 శాతం. తర్వాత 2024 డిసెంబరులో చెప్పిన అయిదేళ్ల ఫలితాల్లో కూడా ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. బిడ్డల్ని కన్నవాళ్లలో సగానికి పైగా పాలు కూడా ఇచ్చారు.

ఈ అంకెలు చదివి ఎగిరి గంతెయ్యలేదు. వాటి లోపల ఉన్నవీ చూశాను. ఆ స్త్రీలలో ఎక్కువమంది యూరప్ వాళ్లు, ఉత్తర అమెరికా వాళ్లు. అందరికీ క్రమం తప్పకుండా చూసే ఆసుపత్రి అందుబాటులో ఉంది. చాలామందికి జబ్బు మొదటి రెండు దశల్లోనే ఉంది. పైగా నా రకం క్యాన్సర్ పదేళ్లకు, పదిహేనేళ్లకు కూడా తిరిగి రాగలదు. అధ్యయనం అంత దూరం ఇంకా నడవలేదు.

కానీ అడుగుల లెక్క ఉన్న ఊళ్లో పెరిగినదాన్ని. 43 అడుగులంటే ఊరు వదిలి పొమ్మని కాదు. పొయ్యి అటక మీద పెట్టుకోమని, పుస్తకాలు పైకెత్తుకోమని, ముసలివాళ్లను ముందుగా దాటించమని. అంకె చెప్పేది ఏమి సర్దుకోవాలో. ఉండాలా పోవాలా అన్నది అంకె చెప్పదు. కరకట్ట పక్కన ఇళ్లున్నవాళ్లు 1986 చూసి కూడా మళ్లీ అక్కడే కట్టుకున్నారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. వాళ్ల బతుకు అక్కడుంది.

ఇంకో మాట కూడా ఎదుర్కొన్నాను. "తల్లి లేని బిడ్డను చేస్తావా? అది స్వార్థం కాదూ?" అన్నారు స్టాఫ్‌రూమ్‌లో ఒక తోటి టీచరు. గుండెకు స్టెంట్లు వేయించుకున్నాక తండ్రి అయిన మగవాళ్లను మా స్టాఫ్‌రూమ్‌లోనే చూశాను. వాళ్లకు స్వీట్లు పంచారు, ఈ ప్రశ్న వేయలేదు. మా బడిలో తల్లి లేని పిల్లలు ఎందరో ఉన్నారు. కాన్పులో పోయినవాళ్లు, పాము కరిచి పోయినవాళ్లు, జ్వరానికి సమయానికి వాహనం దొరక్క పోయినవాళ్లు. అమ్మమ్మలు, పెద్దమ్మలు పెంచుతున్నారు. తల్లి చావును తేలిగ్గా తీసుకోమని నేననను. చావు ఒక్క క్యాన్సర్ వచ్చినదాని ఒడిలోనే కూర్చుని ఉన్నట్టు మాట్లాడటం న్యాయం కాదంటున్నాను.

మరి మొదటి ప్రశ్న? ఇది నా కోరికేనా? పూర్తిగా నాదే అని ప్రమాణం చేయలేను. ఏ ఆడదాని ఏ కోరికైనా ఇంటి గాలీ ఊరి గాలీ తగలకుండా పుడుతుందా? నేను చేయగలిగింది ఒకటే. ఎవరూ చూడకపోతే, అత్తమ్మకు తెలియకపోతే, పూర్ణ స్త్రీ అనే బిరుదు ఎవరూ ఇవ్వకపోతే కూడా ఇది కావాలా అని అడుక్కున్నాను. కావాలనే వచ్చింది. రేపు గర్భం రాకపోతే నేను ఓడిపోయినదాన్ని అవుతానా అని కూడా అడుక్కున్నాను. కాను. ఈ రెండు జవాబులూ నిలబడ్డాకే ముందుకు కదిలాను. నాలాగే ఈ జబ్బు దాటి, పిల్లలు వద్దనుకున్న స్నేహితురాలు ఒకామె ఖమ్మంలో ఉంది. ఆమె నిర్ణయం కూడా నా నిర్ణయమంత కష్టపడి చేసిందే.

స్కాన్‌లు చేయించుకున్నాం. అండాశయాల రక్తపరీక్షలో అంకె తక్కువే వచ్చింది, సున్నా మాత్రం కాదు. మాత్రలకు ఎప్పుడు తిరిగి రావాలో తేదీ క్యాలెండరు వెనక రాసిపెట్టాను. నాకేమన్నా అయితే బిడ్డను పెంచడంలో చెయ్యి కలుపుతానని మా చెల్లి ఒప్పుకుంది. ఈ మాట అడగడానికి నాకు నోరు రాలేదు, నా సహచరుడే అడిగాడు. అమ్మకు కూడా చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి "రక్తం ఎంత ఉందో చూపించుకున్నావా?" అంది.

2025 జూన్ 30 రాత్రి మొదటిసారి మాత్ర వేసుకోలేదు. రెండున్నరేళ్లు పళ్లు తోముకున్నట్టు అలవాటైన పని. డబ్బా బీరువాలో పెట్టి తలుపు వేశాను. నిద్ర పట్టలేదు. ఆ రాత్రి నాలో ఉన్నది ధైర్యం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. భయమే ఉంది. ఇప్పుడూ ఉంది. ఈ మూడు నెలల ఎదురుచూపులో ఇది రాస్తున్నాను. శ్రావణం నడుస్తోంది, గోదారి ఎర్రగా పారుతోంది. రోజూ పొద్దున్నే పేపర్లో ఎన్ని అడుగులో చూసుకుని బడికి వెళ్తున్నాను.

మొన్న ఆశా కార్యకర్త మళ్లీ పిలిచింది. పక్క గూడెంలో ఒకామెకు చంకలో గడ్డ తగిలిందట, పరీక్షకు రమ్మంటే జంకుతోందట. ఈ ఆదివారం వెళ్తున్నాను. అక్కడికి పోయే దారిలోనే మొదటి గూడెం వస్తుంది. చంకలో పిల్లాడితో ఆమె కనబడితే ఆగి చెప్పాలి, ప్రయత్నిస్తున్నామని.